జ్వరం తగ్గి ఏడు వారాలైనా దగ్గు, నీరసం వదలడం లేదు: ఎంతవరకు ఆగాలి, ఏ పరీక్షలు చేయించుకోవాలి?

అమ్మా, మీరు రాసిన సంగతులను ఒక వరుసలో పెడుతున్నాను. నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకూ తెలుస్తుంది. ఏడు వారాల క్రితం నాలుగు రోజులు జ్వరం, ఒళ్ళునొప్పులు వచ్చాయి. అది ఫ్లూనో కొవిడో పరీక్ష చేయించలేదు. జ్వరం పోయింది, పొడిదగ్గు మిగిలింది. తరగతిలో పాఠం చెబుతున్నప్పుడు, రాత్రి నడుం వాల్చగానే, వంటింట్లో తాలింపు వేయగానే తెరలు తెరలుగా వస్తోంది. రెండు రకాల యాంటీబయాటిక్‌లు, ఒక విడత స్టెరాయిడ్ మాత్రలు అయిపోయాయి. ఎక్స్‌రే, రక్తపరీక్షలు మామూలుగా ఉన్నాయన్నారు. ఆదివారం ఇల్లు సర్దితే సోమ, మంగళవారాలు మంచం దిగలేకపోతున్నారు. కాఫీ కాలిన రబ్బరు వాసన వేస్తోంది. ఈ మధ్య దువ్వెన నిండా జుట్టు వస్తోంది. ఇంట్లోవాళ్ళు మాత్రం "రిపోర్టులన్నీ బాగానే ఉన్నాయి కదా, నువ్వే మనసులో పెట్టుకుంటున్నావు" అంటున్నారు. సీటీ స్కాన్ తీయించుకోవాలా, బడికి మునుపటిలా ఎప్పటినుంచి వెళ్ళవచ్చు అన్నవి మీ ప్రశ్నలు.

ముందు ఇంట్లోవాళ్ళ మాటకు జవాబు చెబుతాను, ఎందుకంటే దగ్గు కన్నా అదే మిమ్మల్ని ఎక్కువ బాధపెడుతున్నట్టు అనిపించింది. ఛాతీ వైద్యుడిగా ఏళ్ళ తరబడి ఇలాంటివారిని చూస్తున్నాను. రిపోర్టుల సంచి పట్టుకుని "అన్నీ బాగున్నాయంటున్నారు, మరి నాకెందుకు బాగాలేదు" అని అడిగేవారు వానాకాలం జ్వరాల తర్వాత వరుసగా వస్తారు. ఏ పరీక్షైనా దేన్ని వెతకడానికి చేశారో దాని గురించే చెబుతుంది. ఎక్స్‌రేలో న్యుమోనియా, క్షయ మచ్చ, ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు, గడ్డ కనిపిస్తాయి. శ్వాసనాళం లోపలి పొర దెబ్బతినడం, అక్కడి నరాలు అతిగా స్పందించడం, నిలబడితే గుండె వేగం పెరిగిపోవడం అందులో కనిపించవు. మీ ఎక్స్‌రే బాగుండటం నిజంగా మంచి కబురే. కానీ దాని అర్థం ప్రమాదకరమైనవి కొన్ని లేవని, అంతే. మీకు బాధ లేదని కాదు.

రెండో సంగతి, ఈ జవాబంతటికీ ఇదే ఆధారం. వైరస్ జ్వరం తర్వాత ఎన్ని రోజులైంది అన్న లెక్క కన్నా, పరిస్థితి ఏ దిక్కుకు పోతోంది అన్నది ముఖ్యం. జబ్బు పడక ముందు రోజుతో పోల్చుకుంటే ప్రతి రోజూ నిరాశే మిగులుతుంది. మూడు వారాల కిందటి మీతో పోల్చుకోండి. రాత్రి దగ్గుకు లేవడం తగ్గిందా? మెట్లెక్కితే అప్పటికన్నా కాస్త నయమా? నెమ్మదిగానైనా తగ్గుతున్న లక్షణానికి సమయం ఇవ్వవచ్చు. ఉన్నచోటే నిలిచిపోయినా, పెరుగుతున్నా కారణం వెతకాలి. మీరు రాసినదాన్నిబట్టి మీ దగ్గు కొంత తగ్గింది, నీరసం మాత్రం తగ్గడం లేదు. అందుకే ఈ రెంటినీ ఒకే గాటన కట్టకుండా వేరువేరుగా చూస్తాను.

దగ్గు సంగతి. వైరస్ శ్వాసనాళాల లోపలి పొరను దెబ్బతీస్తుంది. ఆ పొర మీద ఉండే సన్నని నూగు కఫాన్ని పైకి నెడుతూ ఉంటుంది, అదీ రాలిపోతుంది. వైరస్ కొన్ని రోజుల్లోనే పోతుంది గానీ పొర తిరిగి ఏర్పడటానికి వారాలు పడుతుంది. ఈలోగా దాని కింది నరాలు దాదాపు బయటపడినట్టు ఉంటాయి. చెప్పు ఒరుసుకుని తోలు లేచిన కాలికి మామూలు నీళ్ళు తగిలినా మండుతుంది కదా, అలాగే చల్లగాలి, మాట, నవ్వు, ఎండుమిరపకాయల ఘాటు, అగరుబత్తి పొగ, దోమల చుట్ట, సుద్దపొడి, ఏది తగిలినా దగ్గు తెర వస్తుంది. మీకు తాలింపు దగ్గర, పాఠం చెప్పేటప్పుడు దగ్గు రావడానికి కారణం ఇదే. లోపల ఇన్‌ఫెక్షన్ మిగిలి ఉండటం వల్ల కాదు.

వైద్యంలో 3 వారాల లోపు దగ్గును తాత్కాలికమని, 3 నుంచి 8 వారాల దగ్గును నడిమి రకమని, 8 వారాలు దాటితే దీర్ఘకాలికమని అంటాం. వైరస్ తర్వాత మిగిలే దగ్గులో ఎక్కువ భాగం ఆ నడిమి గడువులోనే సర్దుకుంటుంది. జలుబు, ఫ్లూ వంటి జబ్బుల్లో దగ్గు సగటున దాదాపు 18 రోజులు ఉంటుందని, జనం మాత్రం వారం, తొమ్మిది రోజుల్లో పోవాలని అనుకుంటారని 2013లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. యాంటీబయాటిక్‌లు అనవసరంగా రాయించుకోవడానికి ఈ తేడాయే పెద్ద కారణం. పదో రోజున భయపడి వెళ్తారు, మందు రాస్తారు, పద్దెనిమిదో రోజున దానంతట అదే తగ్గుతుంది, పేరు మందుకు వస్తుంది. 2023 మార్చిలో హెచ్3ఎన్2 ఫ్లూ దేశమంతా తిరిగినప్పుడు భారతీయ వైద్య సంఘం ఇదే చెప్పింది: జ్వరం మూడు రోజుల్లో పోతుంది, దగ్గు మూడు వారాల దాకా ఉండవచ్చు, యాంటీబయాటిక్‌లు వద్దు. మీకు మూడో యాంటీబయాటిక్ రాస్తామంటే "దేనికోసం?" అని మర్యాదగా అడగండి. బ్యాక్టీరియా ఉన్న ఆధారం లేకుండా వద్దు.

ఇక్కడే మన దేశంలో ఉన్నవాళ్ళు తప్పక గుర్తుంచుకోవలసింది ఒకటుంది. రెండు వారాలు దాటిన దగ్గు ఎవరికి ఉన్నా క్షయ అవునో కాదో చూడాలన్నది జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమం నియమం. "నాకు ఫ్లూ తర్వాత వచ్చింది కాబట్టి ఇది అదే" అని అనుకుని నెలలు గడిపేసిన వారిని చూశాను. ఫ్లూ వచ్చిన మనిషికి క్షయ రాకూడదని ఏమీ లేదు. మీ దగ్గు పొడిదగ్గు, బరువు తగ్గలేదు, సాయంత్రం జ్వరం లేదు, ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. కాబట్టి ఆ అవకాశం తక్కువే. అయితే ఎక్స్‌రే ఎప్పుడు తీశారో మీరు రాయలేదు. జ్వరం ఉన్న తొలి వారంలో తీసినదైతే ఇప్పుడు మరొకటి తీయించండి. కొంచెమైనా తెమడ వస్తుంటే దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇవ్వండి. తెమడలో క్షయ క్రిమిని వెతికే సీబీనాట్ పరీక్ష గానీ, గోవాలో తయారయ్యే ట్రూనాట్ పరీక్ష గానీ ఉచితంగా చేస్తారు. అనుమానం ఉంటే 1800-11-6666 నంబరుకు ఫోను చేయవచ్చు. మరొక జాగ్రత్త కూడా. మీరు వాడిన రెండు యాంటీబయాటిక్‌లలో లెవోఫ్లాక్ససిన్ ఉందేమో చీటీ చూడండి. ఆ మందు క్షయ క్రిమిని కొంత అణచిపెట్టి, జబ్బు బయటపడటాన్ని ఆలస్యం చేస్తుంది. అది వాడి ఉంటే ఆ మాట మీ వైద్యుడికి చెప్పాలి.

క్షయ తర్వాత నేను వెతికేది ఉబ్బసం. చిన్నప్పుడు ఆయాసం, తుమ్ములు ఉండి తర్వాత మరిచిపోయినవారిలో వైరస్ జ్వరం దాన్ని మళ్ళీ లేపుతుంది. మీకు ఒక ప్రశ్న: స్టెరాయిడ్ మాత్రలు వేసుకున్న రోజుల్లో దగ్గు బాగా తగ్గి, ఆపిన వారంలోగా తిరిగి వచ్చిందా? అలా జరిగితే శ్వాసనాళాల్లో ఉబ్బసం తరహా వాపు ఉందని గట్టిగా అనుమానిస్తాను. స్పైరోమెట్రీ అనే ఊదుడు పరీక్ష చేయించండి. నాళాలను వెడల్పు చేసే మందు పీల్చక ముందు ఒకసారి, పీల్చాక ఒకసారి ఊదిస్తారు. మొదటి సెకనులో ఊదే గాలి 12 శాతం, 200 మిల్లీలీటర్లు పెరిగితే ఉబ్బసం వైపు మొగ్గు. పరీక్ష మామూలుగా వచ్చినంత మాత్రాన ఉబ్బసం లేదని తీర్మానించలేం, ఎందుకంటే అది తెల్లవారుజామున ఉండి మధ్యాహ్నానికి లేకుండా పోయే జబ్బు. అవసరమైతే ఎంత వేగంగా గాలి ఊదగలరో కొలిచే చిన్న పరికరం, పీక్ ఫ్లో మీటర్, కొనుక్కుని రెండు వారాలు ఉదయం, రాత్రి ఊది రాసుకోవచ్చు. ఇన్‌హేలర్ అలవాటైపోతుందన్న భయంతో దాన్ని వద్దని, నెలల తరబడి మాత్రలు మింగేవారు మన దగ్గర ఇప్పటికీ ఉన్నారు. పీల్చే మందు మోతాదు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, మాత్రది మిల్లీగ్రాముల్లో. అవసరమైన చోట ఇన్‌హేలరే మేలు.

దగ్గుకు ఇంకో కారణం ముక్కు వెనకనుంచి గొంతులోకి కారే చీమిడి, మరొకటి కడుపులోని ఆమ్లం పైకి ఎగదన్నడం. పడుకోగానే మీకు దగ్గు పెరగడానికి ఈ రెండింటిలో ఏదైనా తోడై ఉండవచ్చు. రాత్రి భోజనానికీ పడకకూ మధ్య రెండు మూడు గంటలు ఉండేలా చూసుకోండి, మంచం తలవైపు కాళ్ళ కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేయండి. ముక్కు కడుక్కునేటట్టయితే ఉప్పు కలిపిన, మరిగించి చల్లార్చిన నీళ్ళే వాడండి. కుళాయి నీళ్ళు నేరుగా ముక్కులోకి ఎక్కించకూడదు. ఇంట్లో పెద్దవాళ్ళెవరికైనా ఇలాంటి దగ్గు ఉంటే వాళ్ళ రక్తపోటు మాత్ర పేరు చూడండి. ఎనలాప్రిల్, రామిప్రిల్, లిసినోప్రిల్ రకం మాత్రలు కొందరిలో పొడిదగ్గు తెప్పిస్తాయి. నెలల తరబడి దగ్గు మందులు తాగి విసిగిపోయిన ఒక పెద్దాయనకు ఆ ఒక్క మాత్ర మార్చాక కొన్ని వారాల్లోనే దగ్గు ఆగిపోయింది. అలాగని సొంతంగా మాత్ర ఆపకూడదు, వైద్యుడే వేరేదానికి మార్చాలి.

మరి ఇప్పుడు ఏం చేయాలి? దగ్గు తెర రాబోతోందని గొంతులో గరగర మొదలవగానే నోరు మూసి, ఉమ్మి మింగి, ముక్కుతో మెల్లగా చిన్న ఊపిరి తీసుకోండి. పెదవులు సున్నాలా చుట్టి నెమ్మదిగా వదలండి. పక్కన నీళ్ళ సీసా పెట్టుకుని ఒక గుటక వేయండి. దగ్గిన కొద్దీ ఆ పచ్చి పొర మరింత ఒరుసుకుని మరో దగ్గును పిలుస్తుంది. ఆ గొలుసును ఎక్కడో ఒకచోట తెంచాలి. పడుకునే ముందు ఒక చెంచా తేనె పనిచేస్తుంది, మధుమేహం ఉన్నవారు లెక్క చూసుకోవాలి, ఏడాది లోపు పిల్లలకు మాత్రం తేనె నాకించనే కూడదు. మిరియాల కషాయం, పసుపు పాలు, బుగ్గన కరక్కాయ ముక్క, ఇవన్నీ గొంతుకు హాయినిస్తాయి, నాకు అభ్యంతరం లేదు. అతిమధురం విషయంలో మాత్రం జాగ్రత్త. రోజూ ఎక్కువగా, వారాల తరబడి నమిలితే రక్తపోటు పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. ఆవిరి పట్టడం వల్ల గొంతుకు కాసేపు తేలికగా ఉంటుందేమో గానీ దగ్గు తొందరగా పోదు. మరిగే నీళ్ళ గిన్నె ఒలికి ఒళ్ళు కాల్చుకున్న పిల్లల్ని చూశాను కాబట్టి చిన్నపిల్లలున్న ఇంట్లో వద్దంటాను.

స్టెరాయిడ్ మాత్రలను మళ్ళీ అడగవద్దు. వైద్యుడు కారణం చెప్పి రాస్తే వేరు, మందుల షాపులో పాత చీటీ చూపించి కొనుక్కోవడం వేరు. 2021లో రెండో కొవిడ్ కెరటం వెనకే నల్ల ఫంగస్ వచ్చి, ఆ మే నెలలో తెలంగాణ ప్రభుత్వం దాన్ని తప్పక నమోదు చేయవలసిన జబ్బుగా ప్రకటించవలసి వచ్చింది. దాని వెనక అదుపు లేని మధుమేహం, హద్దు లేని స్టెరాయిడ్ వాడకం ఉన్నాయి. మీరు ఒక విడత వాడారు కనుక పరగడుపు చక్కెర ఒకసారి చూపించుకోండి.

మీరు ఉపాధ్యాయురాలు కాబట్టి గొంతు గురించి రెండు మాటలు. గొంతు బొంగురుపోతే గుసగుసలాడితే మంచిదని చాలామంది అనుకుంటారు. గుసగుస కూడా స్వరతంత్రులను శ్రమపెడుతుంది, మామూలు గొంతుతో తక్కువ మాట్లాడటమే విశ్రాంతి. బోర్డును తడిగుడ్డతో తుడిపించండి. బొంగురు నాలుగు వారాలు దాటితే చెవి, ముక్కు, గొంతు వైద్యులు ఒకసారి లోపల చూడాలి. ఇంకొకటి, ఆడవాళ్ళు సిగ్గుపడి చెప్పరు: దగ్గినప్పుడు చుక్క మూత్రం పడుతుంటే, పక్కటెముక దగ్గర ఒకేచోట పొడుస్తుంటే అవి దాచుకోవలసినవి కావు. గట్టిగా దగ్గి దగ్గి పక్కటెముక చిట్లడం కూడా ఉంటుంది. రెండింటికీ ఉపాయాలున్నాయి.

ఇక నీరసం. నాకు దగ్గు కన్నా దీని మీదే ఎక్కువ దృష్టి ఉంది, ఎందుకంటే మీరు రాసిన ఒక వాక్యం చాలా విలువైనది: "ఆదివారం పని చేసేటప్పుడు బాగానే ఉంటాను, మరుసటి రోజు కూలిపోతాను." జ్వరం తర్వాత కండరాలు సడలి వచ్చే నీరసం ఇలా ఉండదు. దానిలో నడుస్తుంటేనే అలసట వస్తుంది, కూర్చుంటే తగ్గుతుంది, రోజూ కొంచెం కొంచెం పెంచుకుంటూ పోతే వారాల్లో సర్దుకుంటుంది. మీ రకంలో శ్రమకు శిక్ష ఆలస్యంగా పడుతుంది. పన్నెండు గంటల తర్వాతో, మర్నాడో, కొందరిలో మూడో రోజునో ఒళ్ళంతా సీసం పోసినట్టయి, తల మొద్దుబారి, మాట తడబడి, నిద్రపోయినా తేరుకోనివ్వదు. చదవడం, లెక్కలు దిద్దడం, చుట్టాలతో గంటలు మాట్లాడటం వంటి కూర్చుని చేసే పనులు కూడా దీన్ని రప్పించవచ్చు. ఈ రకంలో "లేచి తిరిగితే అదే పోతుంది" అన్న సలహా హాని చేస్తుంది.

పోలీసు కానిస్టేబుల్ ఎంపిక పరుగుకు తయారవుతున్న ఒక కుర్రవాడు గుర్తొస్తాడు. జ్వరం తగ్గిన వారానికే మైదానానికి వెళ్ళాడు. పరిగెత్తిన రోజు బాగుండేది, తర్వాత రెండు రోజులు పక్క మీదే. "సత్తువ పోయింది, ఇంకా ఎక్కువ పరిగెత్తాలి" అనుకుని పెంచాడు. నా దగ్గరికి వచ్చేసరికి బాత్‌రూముకు వెళ్ళి వస్తే గోడ పట్టుకోవలసి వస్తోంది. పరుగు మాన్పించి, రోజును చిన్న చిన్న ముక్కలుగా చేసి, మధ్యమధ్య పడుకోబెట్టి, నెలల మీద తిరిగి లేపాం. ఆ ఏటి ఎంపిక పోయింది. అతని పట్టుదలలో లోపం లేదు, ఎవరూ ముందుగా ఆగమని చెప్పకపోవడమే జరిగిన నష్టం. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ కూడా 2021 అక్టోబరులో, శ్రమ తర్వాత కూలిపోయే ఈ దీర్ఘకాలిక అలసట జబ్బుకు వ్యాయామాన్ని విడతలవారీగా పెంచుతూ పోయే చికిత్స ఇవ్వవద్దని చెప్పింది.

అలాగని మంచానికి అతుక్కుపోవాలని కాదు. ఎంత చేస్తే మర్నాడు కూలిపోరో ఆ గీత కనుక్కుని, దానికి కాస్త లోపలే ఉండాలి. రెండు వారాలు ఒక నోటుపుస్తకంలో ఆ రోజు చేసిన పనులు, మర్నాడు, ఆ మర్నాడు ఎలా ఉన్నదీ రాయండి. గీత ఎక్కడుందో అదే చెబుతుంది. కూరగాయలు కూర్చుని తరగండి, స్నానం పీట మీద కూర్చుని చేయండి, బట్టలు ఆరేయడం, ఇల్లు తుడవడం ఒకే రోజున పెట్టుకోవద్దు. అలసట వచ్చాక కాకుండా, రాకముందే పది పదిహేను నిమిషాలు ఫోను పక్కన పెట్టి కళ్ళు మూసుకుని పడుకోండి. బాగున్న రోజునే ఎక్కువ జాగ్రత్త కావాలి, ఎందుకంటే బాకీ పడిన పనులన్నీ ఆ రోజునే గుర్తొస్తాయి. వరసగా రెండు వారాలు కూలిపోకుండా గడిచాకే, పనిని కొద్దికొద్దిగా, అంటే పదో వంతు చొప్పున పెంచండి.

ఇంట్లోనే చేసుకోగల ఒక పరీక్ష చెబుతాను. పొద్దున లేవగానే ఐదు నిమిషాలు వెల్లకిలా పడుకుని నాడి లెక్కించండి, లేదా ఆక్సీమీటర్ వేలికి పెట్టుకోండి. తర్వాత గోడకు ఆనుకుని పది నిమిషాలు కదలకుండా నిలబడి, రెండు నిమిషాలకోసారి లెక్క రాయండి. పక్కన ఒకరు ఉండాలి, కళ్ళు తిరిగితే వెంటనే కూర్చోండి. పెద్దవారిలో నాడి నిమిషానికి 30 లేదా అంతకన్నా ఎక్కువ పెరిగి అలాగే నిలిచిపోతే, నిలబడినప్పుడు రక్తప్రసరణను సర్దుబాటు చేసే నరాల వ్యవస్థ తడబడుతోందన్న సూచన. వైరస్‌ల తర్వాత ఇది చాలామందిలో కనిపిస్తుంది. నిలబడి పాఠం చెప్పే మీకు దడ, కళ్ళు బైర్లు కమ్మడం ఉంటే ఇదే కారణం కావచ్చు. నీళ్ళు ఎక్కువగా తాగడం, ఉప్పు పెంచడం, బిగుతు మేజోళ్ళు, కూర్చుని పాఠం చెప్పడం సాయపడతాయి. రక్తపోటు, గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా ఉప్పు పెంచకూడదు.

నాడి పెరగడానికి రక్తహీనత, థైరాయిడ్, నీళ్ళు చాలకపోవడం కూడా కారణాలే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. "రక్తపరీక్షలు మామూలే" అన్నారు గానీ ఏవి చేశారో చూడండి. హిమోగ్లోబిన్, ఒంట్లో ఐరన్ నిల్వను చెప్పే ఫెర్రిటిన్, థైరాయిడ్, బి12, చక్కెర ఇవన్నీ ఉన్నాయా? తెల్ల రక్తకణాల లెక్క ఒక్కటే చూసి మామూలు అనేయడం తరచుగా జరుగుతుంది.

ఇది లాంగ్ కొవిడా అని అడగాలనిపించి ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులో ఇచ్చిన నిర్వచనం ప్రకారం, జబ్బు మొదలైన మూడు నెలల నాటికి లక్షణాలు ఉండి, కనీసం రెండు నెలలు కొనసాగి, వేరే కారణం దొరకకపోతే ఆ పేరు పెడతారు. మీకింకా ఆ గడువు రాలేదు. ఆ పేరును తెచ్చింది కూడా వైద్యులు కాదు, 2020 మేలో ఇటలీ పురావస్తు పరిశోధకురాలు ఎలీసా పెరేగో తన బాధను చెప్పుకుంటూ ట్విట్టర్‌లో వాడారు. పరీక్షల్లో ఏమీ లేదని అందరూ పంపేస్తున్న రోజుల్లో రోగులే తమ జబ్బుకు పేరు పెట్టుకోవలసి వచ్చింది. మీ ఇంట్లోవాళ్ళకు ఈ సంగతి చెప్పండి. ఫ్లూ తర్వాతా ఇటువంటి నీరసం ఉంటుంది కాబట్టి, ఏ వైరస్ అన్నది ఇప్పుడు తేలకపోయినా చేయవలసిన జాగ్రత్తలు మారవు.

వాసన విషయానికి వస్తే, మీరు భయపడినంత చెడ్డ సూచన కాదది. వాసన నరాలు జీవితాంతం కొత్తగా పుడుతూ ఉంటాయి. అవి తిరిగి అల్లుకునే దశలో తికమకపడి కాఫీ, వేపుడు, ఉల్లి, వెల్లుల్లి, మాంసం వంటివి భరించలేని వాసన వేయడం తరచుగా చూస్తాం. జర్మనీలోని డ్రెస్డెన్‌లో థామస్ హుమ్మెల్ బృందం 2009లో వెల్లడించిన సాధన ఒకటుంది, దానికి కావలసినవి మన ఇళ్ళలోనే దొరుకుతాయి: లవంగం, నిమ్మ, గులాబీ, నీలగిరి తైలం. నాలుగు చిన్న సీసాల్లో విడివిడిగా పెట్టుకుని, ఉదయం, రాత్రి ఒక్కొక్కదాన్ని 15, 20 సెకన్లు మెల్లగా వాసన చూడాలి. చూస్తూ ఆ వాసన ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోవాలి. కనీసం 12 వారాలు వదలకూడదు. వాసన తెలిసినా తెలియకపోయినా చేయాలి. ఈలోగా తిండి మానేయవద్దు, వేడివేడిగా కాకుండా చల్లార్చి తింటే ఘాటు తగ్గుతుంది. పెరుగన్నం, పండ్లు, ఇడ్లీ చాలామందికి సయిస్తాయి. వంటగ్యాసు వాసన మీకు సరిగ్గా తెలుస్తోందో లేదో ఇంట్లో మరొకరితో సరిచూసుకోండి. తెలియకపోతే రాత్రి రెగ్యులేటర్ కట్టేసే బాధ్యత ఇంకొకరికి అప్పగించండి.

జుట్టు గురించి దిగులు వద్దు. గట్టి జ్వరం వచ్చినప్పుడు చాలా వెంట్రుకలు ఒకేసారి విశ్రాంతి దశలోకి వెళ్ళి, రెండు మూడు నెలలకు, కొందరిలో ఇంకాస్త ముందే, కలిసికట్టుగా రాలతాయి. టైఫాయిడ్, డెంగీ తర్వాతా ఇంతే. కుదుళ్ళు చావవు. మూడు నుంచి ఆరు నెలల్లో రాలడం ఆగుతుంది. ఖరీదైన నూనెల కన్నా ఐరన్, థైరాయిడ్ చూపించుకోవడం, పప్పు, గుడ్డు తినడం మేలు.

సీటీ స్కాన్ ఇప్పుడు అవసరం లేదు. కూర్చున్నప్పుడు ఆక్సిజన్ 94 కన్నా తక్కువ ఉన్నా, ఒక నిమిషం పాటు కుర్చీలోంచి లేచి కూర్చుంటే 3 అంకెలు లేదా అంతకు మించి పడిపోతున్నా, కొత్త ఎక్స్‌రేలో తేడా ఉన్నా, వైద్యుడికి స్టెతస్కోపులో చిటపట వినిపించినా అప్పుడు తీయించాలి. గోళ్ళ రంగు తీసేసి, చేతులు వెచ్చగా ఉన్నప్పుడే ఆక్సీమీటర్ పెట్టుకోండి, లేకపోతే తప్పు అంకె వస్తుంది.

ఇవి కనిపిస్తే మాత్రం వారాల లెక్క చూడవద్దు: తెమడలో రక్తం, కదలకుండా ఉన్నా ఆయాసం, ఛాతీలో నొక్కినట్టు నొప్పి, స్పృహ తప్పడం, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టడం. 108కి ఫోను చేయండి. పూర్తిగా తగ్గిన జ్వరం నాలుగైదు రోజులకు తిరిగి వచ్చి తెమడ రంగు మారితే, వైరస్ వెనక బ్యాక్టీరియా న్యుమోనియా వచ్చి ఉండవచ్చు, ఆనాడు యాంటీబయాటిక్ కావాలి, ఆలస్యం చేయకూడదు. పెద్దవాళ్ళున్న ఇళ్ళకు మరొకటి: ఫ్లూ నిర్ధారణ అయిన తొలి వారంలో గుండెపోటు ముప్పు సుమారు ఆరు రెట్లు ఉంటుందని 2018లో కెనడా పరిశోధకులు చూపించారు. ఆ రోజుల్లో వాళ్ళ ఛాతీ నొప్పిని గ్యాసని కొట్టివేయవద్దు.

బడి విషయం. మీ ప్రధానోపాధ్యాయులతో మాట్లాడి ఒక నెల పాటు సగం పీరియడ్లు తీసుకునే వీలుందేమో చూడండి. వరుస పీరియడ్ల మధ్య ఒకటి ఖాళీ ఉండేలా, పై అంతస్తు తరగతులు వేరొకరికి వెళ్ళేలా అడగండి. కుర్చీలో కూర్చుని పాఠం చెప్పడం తప్పు కాదు. సెలవు పెట్టడానికి వైద్యుడి ధ్రువపత్రం కావాలంటే "వైరల్ జ్వరం తర్వాతి అలసట, శ్రమతో తీవ్రమవుతోంది" అని స్పష్టంగా రాయించుకోండి, ఒట్టి "నీరసం" అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. పూర్తి పనికి ఎప్పుడన్నది తేదీతో చెప్పలేను. వరుసగా రెండు వారాలు, పని చేసిన మర్నాడు కూలిపోకుండా గడిస్తే ఒక పీరియడు కలపండి. మళ్ళీ రెండు వారాలు చూడండి.

ఈ వారం చేయవలసినవి: ఎక్స్‌రే తేదీ, యాంటీబయాటిక్‌ల పేర్లు చూసుకోవడం, స్పైరోమెట్రీ, ఫెర్రిటిన్, థైరాయిడ్, పరగడుపు చక్కెర, పొద్దున నిలబడి నాడి లెక్క. దగ్గు మరో వారం పైన అంటే ఎనిమిది వారాలు దాటి కొనసాగితే, తగ్గుతున్నా సరే, ఛాతీ వైద్యుణ్ణి స్వయంగా కలవండి. స్పైరోమెట్రీ అంకెలు, స్టెరాయిడ్ వాడినప్పుడు దగ్గు తగ్గిందా లేదా అన్నది రాయండి. ఇన్‌హేలర్ మొదలుపెట్టమని మీ వైద్యుణ్ణి అడగాలా వద్దా అన్నది వాటిని చూశాకే చెప్పగలను.